పెట్టెలో పటాలం, బల్ల మీద ఒక్కడూ లేడు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే పిచ్చి మీద. కవచాలు తొడిగిన అంతరిక్ష సైనికులు, గ్రహాంతర జీవులు, రెండు కాళ్ల మీద నడిచే యుద్ధ యంత్రాలు, అన్నీ వేలెడంత ఉండే సైన్స్ ఫిక్షన్ మినియేచర్లు. వీటిని ముక్కలుగా కొని, అతికించి, రంగులేసి, బల్ల మీద ఎదురెదురుగా మోహరించి, పాచికలు, కొలతల టేపు పట్టుకుని ఆడతారు. ఈ సరదా లేనివాళ్లు పేజీ తిప్పేయండి, నేనేమీ అనుకోను. ఉన్నవాళ్లు కుర్చీ దగ్గరికి లాక్కోండి.

ప్రశ్న: సార్, రెండేళ్లుగా కొంటూనే ఉన్నాను. పెద్ద పెట్టెలు మూడు, విడిగా ఇంకో డజను బొమ్మలు. అతికించినవి నలభై దాకా ఉంటాయి, ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగుపూత) కొట్టినవి పది, పూర్తయినవి సున్నా. కొత్త సెట్ వచ్చిందంటే మాత్రం చెయ్యి ఆగదు. ఇదేమన్నా జబ్బా?

జబ్బైతే ఈ ఆట ఆడేవాళ్లందరికీ ఉన్నట్టే. దీనికో పేరు కూడా పెట్టుకున్నారు, 'పైల్ ఆఫ్ షేమ్' అని. సిగ్గుగుట్ట అనుకోండి. నా సిగ్గుగుట్ట మంచం కింద ఉంది, అందులో ఎన్ని ఉన్నాయో నేను లెక్కపెట్టను, ఇంట్లోవాళ్లను లెక్కపెట్టనివ్వను.

అసలు సంగతేమిటంటే కొనడం ఒక సరదా, అతికించడం ఇంకో సరదా, రంగు వేయడం మూడోది. మొదటి రెండింటికీ గంటా రెండు గంటల్లో ఫలితం కనిపిస్తుంది, మూడోదానికి వారాలు పడుతుంది, అందుకే మనసు ఎప్పుడూ మొదటి రెండింటి వైపే లాగుతుంది. పైగా మీరు బల్ల ముందు కూర్చోగానే నలభై మందీ కనిపిస్తున్నారు. నలభై మందికి రంగు వేయాలనుకుంటే ఎవరికైనా చెయ్యి రాదు.

ఐదుగురిని తీసి బల్ల మీద పెట్టండి. మిగతా అందరినీ మళ్లీ పెట్టెలో పెట్టి, ఆ పెట్టెను కంటికి కనపడనంత దూరంగా పెట్టండి. ఈ ఐదుగురిలో కూడా ముందు ఒక్కడినే పూర్తి చేయండి, అంటే పాదాల కింద ఉండే గుండ్రటి బేస్ మీద ఇసుక అంటించి, దానికీ రంగేసి, అంచుకు నలుపు కొట్టి, ఇక వీడి జోలికి మళ్లీ వెళ్లను అనుకునేంతగా. మూడు రంగులు, ఒక లోహపు రంగు చాలు. ఏ రంగు పక్కన ఏది బాగుంటుందన్న తర్జనభర్జన అంతా ఆ ఒక్కడి మీదే జరగనివ్వండి, ఏ సీసా వాడారో కాగితం మీద రాసుకోండి (రాసుకోరు, నాకు తెలుసు, ఆరు నెలల తర్వాత ఆ నీలం ఏ నీలమో తెలియక జుట్టు పీక్కుంటారు). మిగతా నలుగురికీ వరసగా ముందు కవచం, తర్వాత తుపాకులు, తర్వాత పట్టీలు. నాలుగోవాడి కవచం అయ్యేసరికి మొదటివాడిది ఆరిపోయి ఉంటుంది, ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఒకేసారి పది మందికి మించి పెట్టుకుంటే మాత్రం అది ఫ్యాక్టరీ డ్యూటీ అవుతుంది.

ఇంకొకటి. ఆటలో మీ బొమ్మను ఎవరూ భూతద్దం పెట్టి చూడరు. బల్లకు అటువైపు నిలబడి, మూడు నాలుగడుగుల దూరం నుంచి చూస్తారు. అంత దూరం నుంచి ఎర్ర కవచం ఎర్రగా, తుపాకి నల్లగా, బేస్ నేలలా కనిపిస్తే మీ పటాలం అదిరిపోయినట్టే. వార్‌హ్యామర్ 40,000 అనే ఆటలో మ్యాచ్‌కు ఉండే 100 పాయింట్లలో 10 కేవలం సైన్యం మొత్తానికీ రంగులేసి ఉన్నందుకే ఇస్తారు. అక్కడ కూడా వాళ్లు అడిగేది 'బాటిల్ రెడీ' స్థాయి, అంటే ముఖ్యమైన భాగాలన్నిటికీ రంగు పడి, బేస్ పూర్తయి ఉంటే చాలు. బహుమతి బొమ్మ అవసరం లేదు. యూట్యూబ్‌లో ఒక్క బొమ్మ మీద అరవై గంటలు కూర్చునే మహానుభావుల్ని చూసి మనం ఐదుగురితో బెదిరిపోతున్నాం, అదీ గొడవ.

తొందరగా అవ్వాలంటే కాంట్రాస్ట్ రకం రంగులున్నాయి. వార్‌హ్యామర్ తయారుచేసే గేమ్స్ వర్క్‌షాప్ వాళ్లు 2019లో తెచ్చారు, ఆర్మీ పెయింటర్ కంపెనీ స్పీడ్‌పెయింట్ లాంటివి తర్వాత వచ్చాయి. లేత రంగు ప్రైమర్ మీద ఒకే ఒక్క పూత వేస్తే రంగు తనంతట తానే గుంతల్లోకి జారి అక్కడ చిక్కబడుతుంది, మిట్టల మీద పల్చబడి వెలుగులా ఉండిపోతుంది. గుడ్డ మడతలు, బొచ్చు, పొలుసులు, గ్రహాంతర జీవుల చర్మం, వీటికి ఇంతకంటే సుఖం లేదు. నున్నటి వెడల్పాటి కవచపు పలకల మీద మాత్రం మడుగులు కట్టి మరకలు మరకలుగా ఆరుతుంది. 'ఇది మోసం కాదా' అని అడిగేవాళ్లుంటారు. వాళ్ల సిగ్గుగుట్ట ఎంత ఎత్తుందో అడగండి.

ప్రశ్న: మంచి కంపెనీ రంగులే కొన్నాను, అయినా బొమ్మ ముఖం మీద కళ్లూ ముక్కూ అన్నీ పూడిపోయి మైనపు ముద్దలా తయారైంది. పైగా చారలు. నా చేతిలోనే లోపం ఉందంటారా?

చేతిలో ఏ లోపమూ లేదు. సీసాలోంచి రంగు తీసి నేరుగా బొమ్మకు పూస్తున్నారు, అంతే. సీసాలో ఉండే రంగు చిక్కన, దాన్ని నీళ్లతో పల్చన చేసుకోవాలి. ఎంత పల్చన అంటే, బొటనవేలి గోరు మీద ఒక గీత గీసి చూడండి: రంగు గీసినచోటే నిలబడాలి, కానీ దాని కింద గోరు లీలగా కనిపించాలి. పరిగెత్తి గోరు అంచుల్లో చేరిందంటే నీళ్లు ఎక్కువయ్యాయి.

ఇలా వేస్తే మొదటి పూత చూడగానే ఏడుపొస్తుంది. కింద ప్రైమర్ కనిపిస్తుంటుంది, ఎక్కడికక్కడ అతుకులుగా ఉంటుంది. ఏడవకుండా ఆరనివ్వండి. రెండో పూతకు కుదురుకుంటుంది, మూడోదానికి సాఫీగా వచ్చేస్తుంది. సగం ఆరిన రంగు మీద మళ్లీ కుంచె ఆడించారంటే మాత్రం కింది పొర తెట్టులా లేచొస్తుంది, మీరంటున్న చారలు అవే. పసుపు, తెలుపు, కొన్ని ఎరుపులు ఎన్ని పూతలేసినా పట్టవు, వాటి స్వభావమే అంత. నల్ల ప్రైమర్ మీద పసుపు వేయడం మనల్ని మనం హింసించుకోవడమే, కింద ముందు లేత గోధుమరంగో గులాబీయో వేసి, దాని మీద పసుపు వేయండి.

ఇక పల్చన చేసిన రంగు పది నిమిషాల్లో ఎండిపోతోందంటే తడి పాలెట్ చేసుకోండి. మూత ఉన్న పల్చటి డబ్బా, అడుగున తడిపిన స్పాంజి, దాని మీద బేకింగ్‌కు వాడే పార్చ్‌మెంట్ కాగితం. స్పాంజి తడి కాగితంలోంచి కొద్దికొద్దిగా ఊరుతూ రంగును గంటల తరబడి ఆరనివ్వదు. మైనం పూత ఉన్న కాగితం పనికిరాదు, నీటిని పైకి రానివ్వదు.

కుంచె గురించి అందరూ చేసే తప్పు ఒకటి ఉంది. చిన్న బొమ్మ కాబట్టి చిన్న కుంచె అనుకుని మూడు సున్నాల సైజు కొంటారు. దాని నాలుగు వెంట్రుకలు పట్టుకునే రంగు, పాలెట్ నుంచి బొమ్మ దగ్గరికి వచ్చేలోపే ఆరిపోతుంది. ఒకటో నంబరో రెండో నంబరో తీసుకోండి, మొన మాత్రం సూదిలా ఉండాలి. పొట్టలో రంగు నిలవుంటుంది, మొన గీత గీస్తుంది. వెంట్రుకల్ని పట్టి ఉంచే లోహపు గొట్టం దాకా రంగు ఎక్కనివ్వకండి, లోపల ఎండిన రంగు వెంట్రుకల్ని లోపల్నుంచే విడదీసేస్తుంది, ఆ తర్వాత ఎంత కడిగినా మొన తిరిగి రాదు. సింథటిక్ కుంచెల మొన కొన్నాళ్లకు కొక్కెంలా వంకర తిరుగుతుంది. వాటిని పారేయకండి, జిగురు పూయడానికి పనికొస్తాయి.

ప్రశ్న: ప్లాస్టిక్ సిమెంట్ పెట్టి రాత్రంతా ఆరబెట్టినా పొద్దున్నే బొమ్మ చెయ్యి ఊడి చేతికొస్తోంది. జిగురు నకిలీదా?

జిగురు మంచిదే అయ్యుంటుంది, మీ బొమ్మే ప్లాస్టిక్ కాదు. ప్లాస్టిక్ సిమెంట్ నిజానికి అతికించదు, ప్లాస్టిక్ బొమ్మలు తయారయ్యే పాలీస్టైరీన్‌ను కాస్త కరిగిస్తుంది, కరిగిన రెండు అంచులూ ఒకదానిలో ఒకటి కలిసిపోయి గట్టిపడతాయి. రెజిన్‌నూ (ద్రవంగా అచ్చులో పోస్తే గట్టిపడే పదార్థం) లోహాన్నీ అది కరిగించలేదు, వాటికి సూపర్ గ్లూనే. మీది రెజిన్ అనిపిస్తోంది. అతికించే ముందు గోరువెచ్చని సబ్బునీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో తోమండి, అచ్చులోంచి ఊడిరావడానికి వాడిన జిడ్డు దాని మీద ఉంటే జిగురూ పట్టదు, రంగూ పట్టదు. బరువైన లోహపు చేయి అయితే రెండువైపులా మిల్లీమీటరు బెజ్జం వేసి మధ్యలో తీగముక్క దూర్చి అతికించండి. రెజిన్‌ను రుద్దేటప్పుడు తడిపి రుద్దండి, మాస్క్ పెట్టుకోండి. ఆ పొడి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు.

ప్రశ్న: స్ప్రే ప్రైమర్ కొట్టాక బొమ్మలన్నీ గరుకు కాగితంలా అయిపోయాయి. ఇప్పుడేం చేయాలి? ఇరవై బొమ్మలండీ!

మీ బాధ నాకు తెలుసు. స్ప్రే డబ్బాలోంచి వచ్చే తుంపర తడిగా ఉండగానే బొమ్మను తాకాలి. మరీ దూరం నుంచి కొట్టినా, ఎండ మండిపోతున్నా, దారిలోనే ఆరిపోయి ఇసుకలా పడుతుంది. ఇరవై, ముప్ఫై సెంటీమీటర్ల దూరం, డబ్బాను ఒకట్రెండు నిమిషాల పాటు బాగా కుదిపి, బొమ్మ పక్కనుంచి మొదలుపెట్టి అటువైపు దాటేదాకా ఒక్క విసురు, ఆపి మళ్లీ ఒక్క విసురు. ఒకేచోట ఆపి కొడితే ముద్దకడుతుంది.

గాలిలో తేమ ఎక్కువున్నా గొడవే. నా కథ చెప్తాను. ఒకసారి నెలన్నర కూర్చుని పన్నెండు మంది సైనికుల్ని పూర్తి చేశాను, అప్పటికి నేను వేసినవాటిలో అవే బాగా వచ్చినవి. వాన అప్పుడే వెలిసింది, ఇంకా చూరు నుంచి చుక్కలు పడుతూనే ఉన్నాయి, ఉత్సాహం ఆపుకోలేక వార్నిష్ డబ్బా పట్టుకుని బయటికి పరిగెత్తాను. పది నిమిషాల్లో వాళ్లందరి మీదా పొగమంచు దిగింది. నల్ల కవచాలు బూడిద పూసుకున్న సన్యాసుల్లా అయిపోయాయి. తర్వాత ఎవరో చెప్తే నిగనిగలాడే గ్లాస్ వార్నిష్ కుంచెతో పల్చగా పూశాను, తొమ్మిది మంది తేరుకున్నారు. మిగతా ముగ్గురినీ మంచులో పోరాడుతున్న దళం అని చెప్పుకుంటున్నాను. అప్పటినుంచి నేను వానాకాలంలో కుంచెతో పూసే ప్రైమర్, కుంచెతో పూసే వార్నిషే వాడుతున్నాను, రెండు పూటల పని ఎక్కువైనా గుండె దడ లేదు.

మీ ఇరవైకి వస్తే, గరుకు కొద్దిగా ఉంటే గట్టి టూత్‌బ్రష్‌తో పొడిగా రుద్ది చూడండి, కొంత రాలిపోతుంది. రాలకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, బ్రష్‌తో తోమి, మళ్లీ మొదలు. ముందు స్ప్రూ ఫ్రేమ్ (బొమ్మ ముక్కలు అంటుకుని వచ్చే చట్రం) ముక్క ఒకటి అందులో వేసి చూసుకోండి. గాలి ఆడేచోట, చేతొడుగులు వేసుకుని, మంటకు దూరంగా. నెయిల్ పాలిష్ తీసే అసిటోన్ మాత్రం ముట్టుకోకండి, రంగుతో పాటు బొమ్మే కరిగిపోతుంది.

ప్రశ్న: నాకు నలభై ఏడేళ్లండీ. 'ఈ వయసులో బొమ్మలాటలేంటమ్మా' అని మా అబ్బాయే నవ్వుతున్నాడు. పైగా ఆడవాళ్లెవరైనా ఇవి ఆడతారా అంటాడు. ఏం చెప్పమంటారు?

హెచ్.జి. వెల్స్ 1913లోనే బొమ్మ సైనికులతో ఆడే యుద్ధానికి నియమాలు రాసి పుస్తకం వేశాడు. ఆ పుస్తకం ఉపశీర్షికలోనే ఆటగాళ్ల వయసు పన్నెండు నుంచి నూట యాభై ఏళ్ల దాకా అని పెట్టాడు. ఆ లెక్కన మీకు ఇంకా నూట మూడేళ్లు ఉంది. ఆడపిల్లల్ని కూడా చేర్చాడు గానీ, 'మగపిల్లల ఆటలు ఇష్టపడే తెలివైన రకం' అయితేనే అన్నట్టు ఒక మెలిక పెట్టాడు, ఆ కాలం అలాంటిది. మీ అబ్బాయికి ఒక కుంచె, ఒక బొమ్మ ఇచ్చి కంటిపాప పెట్టమనండి. నవ్వు దానంతటదే ఆగుతుంది.

ప్రశ్న: మా బాబాయి గారు పోయాక ఆయన అటకమీది అట్టపెట్టెలో లోహపు సైన్స్ ఫిక్షన్ బొమ్మలు ముప్ఫై దాకా దొరికాయి. బేస్ మీద 1980ల నాటి సంవత్సరాలు ఉన్నాయి. కొన్నిటి మీద తెల్లటి పొడి పేరుకుంది. బూజు అనుకుని తుడుద్దామనుకున్నాను, ఎందుకో ఆగాను.

ఆగి మంచి పని చేశారు. అది బూజు కాకపోవచ్చు. ఆ కాలపు లోహపు బొమ్మల్లో చాలావాటిలో సీసం ఉండేది, 1990లలోనే కంపెనీలు సీసం లేని మిశ్రమాలకు మారాయి. సీసాన్ని కొన్ని రకాల చెక్క బీరువాల్లోనో, అట్టపెట్టెల్లోనో గాలాడకుండా ఏళ్లతరబడి మూసిపెడితే, వాటిలోంచి ఊరే ఎసిటిక్ ఆమ్లపు ఆవిరి దాన్ని తినడం మొదలుపెడుతుంది. ఆ తెల్లపొడి లెడ్ కార్బొనేట్. 'లెడ్ రాట్' అంటారు, సీసపు తెగులు అనొచ్చు. విషమే, ఊది ఎగరగొట్టకండి, పొడిగా గీకకండి.

చేతొడుగులు, మాస్క్ వేసుకుని, బొమ్మను సబ్బునీళ్లలో ముంచి నీటిలోపలే మెత్తటి బ్రష్‌తో తోమండి, బాగా ఆరనివ్వండి, తర్వాత ప్రైమరూ వార్నిషూ పడితే గాలికి అడ్డం ఏర్పడుతుంది. ఆ బ్రష్‌ను ఇంకో పనికి వాడకండి. వెనిగర్‌లో నానబెట్టమని సలహా ఇచ్చేవాళ్లుంటారు, వెనిగర్ అంటేనే ఎసిటిక్ ఆమ్లం, దొంగచేతికి తాళాలు ఇచ్చినట్టు. తెగులు తిన్నచోట గుంతలుంటే అవి ఇక పూడవు. అట్టపెట్టె పారేసి, గాలాడే ప్లాస్టిక్ డబ్బాలోనో గాజు అరలోనో పెట్టండి, చిన్నపిల్లల చేతికి ఇవ్వకండి, పట్టుకున్న ప్రతిసారీ చేతులు కడుక్కోండి. పొడిలేనివాటిలో ఏది సీసమో తెలియాలంటే తెల్లకాగితం మీద రంగులేని మూల రుద్దండి, పెన్సిల్ గీతలా బూడిదరంగు పడితే అనుమానించాల్సిందే.

రంగు సంగతి. వెంటనే కడిగేసి కొత్తగా వేయాలని మీకు అనిపిస్తుంది, ఆరు నెలలు ఆగండి. రిక్ ప్రీస్ట్‌లీ రాసిన వార్‌హ్యామర్ 40,000 మొదటి నియమావళి 1987లో వచ్చింది, మీ బాబాయి గారి బొమ్మలు సరిగ్గా ఆ రోజులవైతే వాటికి సేకరణ విలువ ఉండొచ్చు. అది పక్కనపెట్టినా, ఆ వంకర కనుబొమలూ, హద్దు దాటిన ఎరుపూ ఆయన చేతివి. తెగులు పట్టనివాటిలో ఒక్కదాన్నయినా అలాగే ఉంచుతారని నా ఆశ.

ప్రశ్న: వేర్వేరు కంపెనీల బొమ్మలు పక్కపక్కన పెడితే ఒకడు రాక్షసుడిలా, ఒకడు పిల్లాడిలా ఉన్నాడు. రెండూ 28 మిల్లీమీటర్లే అని రాసుంది!

కొందరు పాదం నుంచి కంటిదాకా కొలుస్తారు, కొందరు నడినెత్తి దాకా. పైగా 'హీరోయిక్' అని రాసి ఉంటే తలలూ చేతులూ తుపాకులూ కావాలనే పెద్దవిగా చేస్తారు, దూరం నుంచి కనిపించడానికి. పెట్టె మీది అంకె కన్నా తలకాయల సైజు పోల్చి కొనండి. బేస్‌లు అన్నిటికీ ఒకే తీరుగా చేస్తే చిన్న తేడాలు కలిసిపోతాయి. బ్యాటిల్‌టెక్ అనే ఇంకో ఆటలోని యుద్ధ యంత్రాలు మాత్రం వీటి పక్కన పెట్టకండి, అవి 1/285 స్కేలు, అందులో మనిషి ఆరు మిల్లీమీటర్లే.

ప్రశ్న: హెల్మెట్ కళ్లద్దాలు మెరుస్తున్నట్టు ఎలా వేస్తారు? నేను వేస్తే ఎర్ర బొట్టులా ఉంటోంది.

ఒకటే ఎరుపు వేస్తే బొట్టే అవుతుంది. గాజు మీద వెలుగు ఎలా పడుతుందో చూడండి. పైన ఎడమ మూల నుంచి వెలుగు వస్తోందనుకుంటే, అది గాజులోంచి దూసుకెళ్లి కింద కుడి మూలన లోపలివైపు వెలుగుతుంది, పైన ఎడమవైపు చీకటిగా ఉంటుంది, ఆ చీకట్లో ఒక్క తెల్లచుక్క తళుక్కుమంటుంది.

ముందు గుంత అంతా నలుపు. అది ఆరాక ముదురు ఎరుపు, చుట్టూ వెంట్రుకవాసి నలుపు వదిలేసి. తర్వాత కింద కుడివైపు సగంలో మామూలు ఎరుపు, దానిలో ఇంకా చిన్నగా, మూలకు నెట్టేసినట్టు నారింజ. చివరగా పైన ఎడమ మూల చీకట్లో తెల్లచుక్క. ఈ చుక్కకు ముందు కుంచెను టిష్యూ మీద ఒకసారి ఒత్తి, బొటనవేలి మీద ఒక చుక్క పెట్టి చూసుకుని, అప్పుడు బొమ్మకు తాకించండి. రెండు మణికట్లూ ఒకదానికొకటి ఆనించి, మోచేతులు బల్ల మీద పెట్టి, ఊపిరి వదిలేశాక పెట్టండి, పీల్చుకుంటూ కాదు. అంతా ఆరాక కళ్లద్దాల మీద మాత్రమే గ్లాస్ వార్నిష్ ఒక బొట్టు.

తెల్లచుక్క పెద్దదైపోతే తుడవకండి, నలుగుతుంది. ఆరనిచ్చి, ముదురు ఎరుపుతో చుట్టూ కోసుకుంటూ రండి, చిన్నదవుతుంది.